అమెరికాలో ఉన్న శరణార్థి పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

నాగావళి టీచర్ – శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా అక్క కూతురు అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటుంది. భూటాన్ నుంచి వెళ్ళగొట్టిన నేపాలీ కుటుంబాలు ఆ ఊళ్ళో వేలల్లో ఉన్నాయి. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి అక్కడ క్లాసులున్నాయట. ఇంటిపట్టున ఉండిపోయే పెద్దవాళ్ళకి, అందులోనూ ఆడవాళ్ళకి, కూర్చుని చెప్పే మనిషి దొరకడం లేదు. ఆ మనుషుల్ని వెతికే పని మా అమ్మాయి నెత్తిన వేసుకుంది. "పిన్నీ, జూమ్‌లో నువ్వు చెప్పకూడదా?" అని అడిగితే సరే అన్నాను.

నేను ఇన్నాళ్ళూ చెప్పింది పదో తరగతికి. పాఠం, ప్రశ్నలు, జవాబులు, గ్రామరు, బిట్లు, అన్నీ పబ్లిక్ పరీక్ష కోసం. వీళ్ళకి పరీక్ష లేదు. కొందరు ఏ భాషలోనూ బడికి వెళ్ళలేదు. నాకు నేపాలీ రాదు, హిందీ అంతంత మాత్రం. నాకంటే పెద్దవాళ్ళు కూడా ఉంటారు. మొదటి రోజు ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం అడగకూడదు? టెన్షన్‌గానే ఉంది, కానీ ఈ పని సరిగ్గా చెయ్యాలని ఉంది. తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

వంశధార – నరసన్నపేట, ప్రస్తుతం పిట్స్‌బర్గ్

టీచర్ గారూ, మంచి పని తలపెట్టారు. పిట్స్‌బర్గ్‌లోనూ వాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే తెలుగుతో పాటు నేపాలీ కూడా చెవిన పడుతుంది.

ముందు వాళ్ళ కథ కొంచెం తెలిసి ఉంటే మీకు మేలు. వీళ్ళది భూటాన్ దక్షిణ భాగం. నారింజ తోటలు, యాలకుల తోటలు, పశువులు. 1990 ప్రాంతంలో "మీరు మా పౌరులు కారు" అని అక్కడి ప్రభుత్వం తరిమేసింది. నేపాల్‌లో ఝాపా, మొరంగ్ జిల్లాల్లో శిబిరాల్లో వెదురు గుడిసెల్లో దాదాపు ఇరవయ్యేళ్ళు ఉన్నారు. 2008 నుంచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు తీసుకోవడం మొదలుపెట్టాయి. మొత్తం మీద లక్ష మందికి పైగా వెళ్తే అందులో ఎక్కువమంది అమెరికాకే వచ్చారు.

ఇప్పుడు మీ క్లాసుకి వచ్చేదెవరో చూడండి. శిబిరంలో పుట్టి పెరిగిన పిల్లలు అక్కడి బడుల్లోనే ఇంగ్లీషు నేర్చుకున్నారు. భూటాన్‌లో వ్యవసాయం చేసిన తరం దగ్గరే తేడా వచ్చింది. వాళ్ళకి నేల తెలుసు, విత్తనం తెలుసు, పశువు రోగం తెలుసు. ఇక్కడ నాలుగో అంతస్తులో, మంచు కురిసే ఊళ్ళో, మనవలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చుని ఉంటారు. ఆసుపత్రికి వెళ్తే పదేళ్ళ మనవడు డాక్టరుకి తర్జుమా చెయ్యాలి. మామ్మకి ఎక్కడ నొప్పో ఆ కుర్రాడి ముందు ఎలా చెప్పుకుంటుంది?

కాబట్టి నా మాట వింటే, మొదటి నెలలోనే ఒక వాక్యం నోటికి వచ్చేలా చెయ్యండి: "ఐ నీడ్ ఎ నేపాలీ ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్." ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి ఏదైనా భాష రాని రోగికి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన హక్కు అది. హక్కు ఉన్నట్టు తెలియకపోతే, తెలిసినా అడగడం రాకపోతే, అది ఉండీ లేనట్టే. ఆ తరవాత తమ ఇంటి చిరునామా, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, ఫోన్‌లో చెప్పడం. అత్యవసరంలో 911కి ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే.

ఇంకో సంగతి. అమెరికా పౌరసత్వం పరీక్షలో ఇంగ్లీషు తప్పనిసరి అనుకుని చాలామంది పెద్దవాళ్ళు బెంగపెట్టుకుంటారు. 55 ఏళ్ళు దాటి, గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలకి జవాబులు సొంత భాషలో నోటితోనే చెప్పొచ్చు, ఇంటర్‌ప్రెటర్ సాయంతో. మొదట్లో వచ్చినవాళ్ళలో చాలామందికి ఇప్పుడు ఆ అర్హత వచ్చేసింది. మీ వాళ్ళలో ఎవరైనా ఈ భయంతో ఉంటే మీ అమ్మాయి చేత అక్కడి న్యాయ సలహా కేంద్రానికి పంపించండి.

కోట బురుజు – విజయనగరం

టీచర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. మనకి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ గ్రామాలున్నాయి. ఉద్దానం కుర్రాళ్ళు వెల్డింగ్, ఫిట్టర్ పనులకి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ పోతున్నారు. ఒప్పంద కాగితంలో ఏముందో చదవలేక ఏజెంటు చెప్పిన చోట వేలిముద్రో సంతకమో పెట్టేస్తున్నారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు అక్కడికి వెళ్ళాక గాని తెలుసుకోలేదు, తను సంతకం పెట్టింది వెల్డర్ పనికి కాదని, హెల్పర్ పనికని. ఇంత అవసరం గుమ్మంలో పెట్టుకుని అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇక్కడ నుంచి నేర్పడమేమిటి? వాళ్ళకి ఆ ప్రభుత్వం ఉంది కదా. ముందు మనవాళ్ళు అన్నది నా అభిప్రాయం.

రంగం మనవరాలు – విజయనగరం

బురుజు గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ "మనవాళ్ళు" అన్న చోట నాకు కొంచెం చెప్పాలని ఉంది.

మా నాయనమ్మ పుట్టింది రంగూన్‌లో. మన వైపు రంగం అంటాం కదా. కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి రైసు మిల్లులకీ ఓడరేవు కూలికీ వెళ్ళిన తరం మా ముత్తాతలది. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు కొందరు అడవుల్లో నడిచి వచ్చేశారు, మావాళ్ళు ఉండిపోయారు. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. అప్పుడు లక్షల్లో భారతీయులు వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే.

నాయనమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడేది, కానీ చదవడం రాయడం వచ్చింది బర్మా లిపి ఒక్కటే. వచ్చిన కొత్తలో రేషను కాగితాల కోసం వెళ్తే "తెలుగువాళ్ళమంటారు, తెలుగు చదవలేరా?" అన్నారట. పక్క వాటాలో ఉండే ఒక టైలరు భార్య రోజూ మధ్యాహ్నం పనులయ్యాక కూర్చోబెట్టి తన పాత గుడ్డల చిట్టా పుస్తకంలోనే అక్షరాలు దిద్దించింది. ఆవిడ వీళ్ళ కులం కాదు, ఊరు కాదు, చుట్టం అసలే కాదు. నాయనమ్మ పోయేదాకా ఆవిడ ఇంటికి పండగ పిండివంటలు వెళ్ళేవి. అక్షరం నేర్పిన మనిషి ఏ ఊరిదని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. టీచర్ గారు చెయ్యబోయేది ఆ పనే.

కోట బురుజు – విజయనగరం

అమ్మా, మీ నాయనమ్మ గారి కథ చదివి మనసు కలుక్కుమంది. టీచర్ గారిని మానెయ్యమని నేను అనను. ఇక్కడి అవసరం మర్చిపోవద్దనే నా గోల. ఆ మాట మీద నిలబడతాను.

బొబ్బిలి వీణ – బొబ్బిలి, ప్రస్తుతం లీసెస్టర్

నా ఉద్యోగమే ఇది. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పే కోర్సుల్ని ఇక్కడ ఈసాల్ అంటారు. అఫ్ఘానిస్థాన్, సిరియా, సూడాన్, ఎరిత్రియా నుంచి వచ్చినవాళ్ళకి చెబుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

టీచర్ గారూ, మొదటి క్లాసుకి పుస్తకం వద్దు. వాళ్ళ ఇంట్లో ఉన్న వస్తువుల్నే కెమెరా ముందు పెట్టమనండి. మాత్రల అట్ట, పాల డబ్బా, కరెంటు బిల్లు, మనవడి బడి నుంచి వచ్చిన ఉత్తరం. మాత్రల సీసా మీద "టేక్ వన్ టాబ్లెట్ ట్వైస్ ఎ డే విత్ ఫుడ్" అని ఉంటుంది. అందులో వన్, ట్వైస్, డే, ఫుడ్ అన్న నాలుగూ వినగానే గుర్తుపట్టి, వేళ్ళతో చూపించి, పొద్దున్న ఒకటి రాత్రి ఒకటి అని సైగ చెయ్యగలిగితే ఆ రోజుకి క్లాసు అయినట్టే. రాయించకండి. ముందు వినడం, తరవాత అనడం. చదవడం ఆ పైన వస్తుంది, రాయడం అన్నిటికంటే ఆఖరు. ఏ భాషలోనూ చదువుకోని మనిషికి గీతలో అర్థం ఉంటుందన్న సంగతే కొత్త. ఎడమ నుంచి కుడికి చూపు నడపడం, పెన్సిలు పట్టుకోవడం, వరస దాటకుండా రాయడం, ఇవన్నీ విడివిడి పనులు. దానికి నెలలు పడుతుంది. మందబుద్ధి అనుకునే టీచర్లని చూశాను, నాకు చాలా కోపం వస్తుంది.

మీకో వెసులుబాటు ఉంది, తెల్ల టీచర్లకి లేనిది. నేపాలీలో క్రియ వాక్యం చివర వస్తుంది, మన తెలుగులో లాగానే. టిబెటన్, బర్మీస్, తమిళం, దరీ, పష్తో కూడా అంతే. "ఐ టీ డ్రింక్" అని మీ విద్యార్థి అంటే ఎందుకన్నదో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తప్పు అనకండి. "ఆహా, యూ డ్రింక్ టీ! ఐ డ్రింక్ కాఫీ" అని మీరు సరైన వరసలో తిరిగి అనండి. పదిసార్లు విన్నాక నోరు దానంతటదే తిరుగుతుంది. ఎ, యాన్, ద ల జోలికి చాలాకాలం వెళ్ళకండి. అవి లేకపోయినా డాక్టరుకి అర్థమవుతుంది.

ప్రశ్న వేశాక ఆగండి. మనకి అలవాటు, పిల్లాడు జవాబు చెప్పకపోతే మనమే చెప్పేస్తాం. పెద్ద వయసువాళ్ళకి ప్రశ్న విని, తమ భాషలో అర్థం చేసుకుని, మాట వెతుక్కుని, నోరు తెరవడానికి చాలాసేపు పడుతుంది. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది, భరించండి.

అడగకూడనివి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏ పాఠ్యపుస్తకంలో చూసినా రెండో పాఠం కుటుంబం. "హౌ మెనీ చిల్డ్రన్ డు యూ హావ్?" పక్క గదిలో ఒక వలంటీరు ఒక విద్యార్థినిని అదే అడిగారు. ఆవిడ మూడు వేళ్ళు చూపించి, కాసేపాగి ఒక వేలు ముడిచింది. తరవాత రెండు వారాలు క్లాసుకి రాలేదు. దేశం ఎందుకు వదిలేశారు, దారిలో ఏం జరిగింది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇవేవీ మీరు మొదలుపెట్టకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి, పాఠంగా మార్చకండి. కుటుంబం మాటలు నేర్పాలంటే ఏదో ఒక బొమ్మ కుటుంబం మీద నేర్పండి.

పుట్టినరోజు కూడా అంతే. శరణార్థుల్లో చాలామంది కాగితాల్లో జనవరి 1 ఉంటుంది, అసలు తేదీ తెలియక అధికారులు వేసింది. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేసెయ్యలేదూ, అలాగే. క్లాసులో సగం మందికి ఒకే రోజు పుట్టినరోజని నవ్వడం గాని ఆశ్చర్యపోవడం గాని చెయ్యకండి. ఫారంలో చెప్పడానికి ఆ తేదీ ఇంగ్లీషులో వచ్చేలా మాత్రం నేర్పండి, అడుగడుగునా అడుగుతారు.

చివరగా కళ్ళద్దాలు. చాలామంది "నాకు రాదు" అనడానికి కారణం కనబడకపోవడం. మొదటి వారంలోనే పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు చూపించి ఎక్కడిదాకా కనబడుతోందో కనుక్కోండి. చెవులు కూడా.

నిర్వాహకులు

చర్చ చాలా ఉపయోగంగా సాగుతోంది. ఒక మనవి. శరణార్థుల ఫొటోలు, పేర్లు, క్లాసు రికార్డింగులు ఇక్కడ పెట్టకండి. వాళ్ళ బంధువులు ఇంకా పాత దేశంలో ఉండొచ్చు.

వంశధార – నరసన్నపేట, ప్రస్తుతం పిట్స్‌బర్గ్

నిర్వాహకుల మాట అక్షరాలా నిజం. 2025 జనవరిలో అమెరికా కొత్త శరణార్థుల రాకని ఆపేసింది. అదే ఏడాది ఇక్కడున్న భూటాన్ వాళ్ళలో కొందరిని తిరిగి భూటాన్‌కి పంపేస్తే, ఆ దేశం వాళ్ళని ఉండనివ్వలేదు, మళ్ళీ నేపాల్ చేరారు. అందుకే కాగితాల గురించి ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే ఇళ్ళలో అందరూ బిగుసుకుపోతున్నారు. వీసా, గ్రీన్‌కార్డు మాటలు క్లాసులో వద్దు టీచర్ గారూ. వాళ్ళే అడిగితే లాయర్ దగ్గరికి పంపండి, సలహా ఇవ్వకండి. శరణార్థులకి సాయం చేసే సంస్థలకి నిధులు తగ్గి జీతం మీద పనిచేసే సిబ్బందిని తీసేశారు. మీలాంటి వాళ్ళ అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

మందస కోవా – మందస

అమెరికా దాకా వెళ్ళలేనివాళ్ళ కోసం రాస్తున్నాను. మన పొరుగునే శరణార్థులున్నారు. పర్లాకిమిడి దాటి మోహన వైపు వెళ్తే చంద్రగిరి, అక్కడ 1963 నుంచి టిబెటన్ల స్థావరం ఉంది. దలైలామా 1959లో వచ్చాక వెనకే వచ్చినవాళ్ళకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన భూములు. మొక్కజొన్న పండిస్తారు. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన జిరంగ్ ఆరామం చూడడానికి మనవాళ్ళు బస్సులు కట్టించుకుని వెళ్తారు గాని, ఆ మనుషులతో మాట్లాడి వచ్చేవాళ్ళు తక్కువ.

చలికాలం వచ్చేసరికి టిబెటన్లు దేశమంతా ఊరూరా స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. సరుకు లూధియానా నుంచి వస్తుంది. బిల్లులు, జీఎస్టీ కాగితాలు, ట్రాన్స్‌పోర్టు రసీదులు అన్నీ ఇంగ్లీషులో. మా దుకాణం పక్కన పెట్టే ఒక పెద్దావిడకి హిందీ వచ్చు, బేరమాడేంత తెలుగు వచ్చు, బిల్లు మాత్రం కొడుకు ఫోన్‌కి ఫొటో తీసి పంపాల్సిందే. కొడుకు బెంగళూరులో. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే కదా, ఆ వేళలో ఇద్దరం కూర్చుని బిల్లు చదువుతాం. క్వాంటిటీ, రేట్, డిస్కౌంట్, టోటల్. ఈ మధ్య ఒక బిల్లులో డజను తక్కువ వచ్చిందని ఆవిడే పట్టుకుని ఫోన్ చేసి అడిగింది. వాళ్ళ భాషలో ఎఫ్ శబ్దం లేదట, "పైవ్, పిప్టీ" అంటుంది. మన పెద్దవాళ్ళూ అలాగే అంటారు కాబట్టి నాకేమీ కొత్తగా లేదు.

కాగితాల సంగతి వీళ్ళదీ సున్నితమే. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. టిబెటన్లకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని ఎప్పటికప్పుడు రెన్యూవల్ చేయించుకోవాలి. విదేశాలకి వెళ్ళాలంటే పాస్‌పోర్టు బదులు వేరే పుస్తకం. ఆ ఫారాలన్నీ ఇంగ్లీషే. ఎవరైనా చంద్రగిరి వెళ్ళి నేర్పాలనుకుంటే ముందు అక్కడి స్థావరం ఆఫీసులో కనుక్కుని వెళ్ళండి. స్వెట్టర్ల సీజన్లో ఊళ్ళో సగం మంది ఉండరు.

రాజాం అమ్మాయి – రాజాం

అందరికీ నమస్తే. డిగ్రీ ఆఖరి ఏడాది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. చదివితే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు యాస వచ్చేస్తుంది. నాలాంటి వాళ్ళు ఇలాంటి వలంటీరు పనికి పనికొస్తారా? తప్పు ఇంగ్లీషు నేర్పేస్తానేమోనని భయం.

బొబ్బిలి వీణ – బొబ్బిలి, ప్రస్తుతం లీసెస్టర్

తల్లీ, నీ యాస అడ్డం కాదు. వాళ్ళు రోజూ బస్సులోనూ పనిలోనూ వినేది రకరకాల యాసలే. మొదలుపెట్టేవాళ్ళతో కావలసింది స్పష్టంగా, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడే మనిషి. నిన్నగాక మొన్న ఇంగ్లీషు నేర్చుకున్న నీకు ఎక్కడ తడబడతామో గుర్తుంటుంది. పుట్టుకతో వచ్చినవాళ్ళకి అది తెలియదు. కానీ ఒప్పుకున్నాక మానకూడదు. వారానికి ఒక్క గంటైనా సరే, చెప్పిన వేళకి రావాలి. వీళ్ళ జీవితంలో మాట ఇచ్చి మాయమైనవాళ్ళు ఇప్పటికే చాలామంది. పరీక్షలున్నాయి, ఊరెళ్తున్నాను అంటే ముందే చెప్పు, అర్థం చేసుకుంటారు.

ఇంకోటి, సంస్థ ద్వారానే వెళ్ళు. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ వలంటీర్ల నేపథ్యం తనిఖీ చేస్తారు. అది నీ మీద అనుమానం కాదు, వాళ్ళ భద్రత.

మెళియాపుట్టి రోడ్డు – పాతపట్నం

రాజాం అమ్మాయికి మన జిల్లా మనిషినే గుర్తుచేస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పర్వతాలపేటలో పుట్టారు, మనకి ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు సవర గిరిజనులు పడే కష్టం చూసి వాళ్ళకి చదువు చెప్పాలనుకున్నారు. ఎలా మొదలుపెట్టారు? ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. మాట్లాడేవాళ్ళ దగ్గర కూర్చుని విని రాసుకున్నారు. ఆ తరవాతే వాచకాలు రాశారు, బడులు పెట్టారు, సొంత డబ్బు పోశారు.

టీచర్ గారికీ అదే చెబుతున్నాను. నేపాలీ పూర్తిగా రానక్కర్లేదు, కానీ క్లాసుకి ఒక్క నేపాలీ మాటైనా వాళ్ళ దగ్గర నేర్చుకోండి. మీ నోరు తిరగక వాళ్ళు దిద్దుతుంటే ఆ గదిలో భయం పోతుంది.

కోట బురుజు – విజయనగరం

వీణ గారు చెప్పిన పద్ధతి మా గల్ఫ్ కుర్రాళ్ళకి కూడా పనికొచ్చేలా ఉంది. మాత్రల సీసా బదులు ఒప్పంద కాగితం, జీతం చీటీ, సైటు మీద హెచ్చరిక బోర్డులు. మా వీధి గ్రంథాలయంలో ఆదివారం పూట కూర్చోబెడతానని ఇద్దరు ముగ్గురితో అన్నాను. వీణ గారూ, పని చోట భద్రతకి మీ క్లాసుల్లో ఏ మాటలతో మొదలుపెడతారు?

బొబ్బిలి వీణ – బొబ్బిలి, ప్రస్తుతం లీసెస్టర్

స్టాప్, డేంజర్, హాట్, లైవ్ వైర్, డు నాట్ టచ్, ఎగ్జిట్. తరవాత రెండు వాక్యాలు: "ఐ డోంట్ అండర్‌స్టాండ్, ప్లీజ్ షో మీ." "దిస్ ఈజ్ నాట్ సేఫ్." ఆ రెండోది సూపర్‌వైజరు ముఖం చూసి అనడం కుర్రాళ్ళకి కష్టం. మీరే సూపర్‌వైజరుగా నిలబడి గట్టిగా కసిరి, వాళ్ళ చేత అనిపించండి. ఒప్పందంలో ముందు ఉద్యోగం పేరు, మూల జీతం, పని గంటలు, ఈ మూడు గళ్ళు ఎక్కడుంటాయో వేలుపెట్టి చూపించడం రావాలి.

నాగావళి టీచర్ – శ్రీకాకుళం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. క్లాసులు మొదలయ్యాయి. మాకు సాయంత్రం ఏడున్నర, వాళ్ళకి ఉదయం పది. అయిదుగురు ఆడవాళ్ళు, అప్పుడప్పుడు ఒక పెద్దాయన. మా అమ్మాయి పక్కన ఉండి ఫోన్ పట్టుకుంటుంది.

వీణ గారు చెప్పినట్టు వస్తువులు తెమ్మంటే ఒకావిడ మాత్రలు తేలేదు, బాల్కనీలో బకెట్లో పెంచుతున్న ఆవకూర మొక్క తెచ్చింది. రాయో అంటారట. నేను మా పెరట్లో గోంగూర మడి చూపించాను. అంతే, మిగతావాళ్ళు లేచి వెళ్ళి ఎవరి కుండీ వాళ్ళు తెచ్చారు. సీడ్, లీఫ్, వాటర్, సన్, స్నో. "నో సన్, నో లీఫ్" అని ఆవిడే వాక్యం కట్టింది, మంచు పడ్డప్పటి సంగతి. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఒక విద్యార్థి అంత తొందరగా సొంత వాక్యం చెప్పగా నేను వినలేదు. ఆ కూరని ఎలా ఎండబెట్టి పులియబెట్టి దాచుకుంటారో చేతులతో చూపించారు. గుంద్రుక్ అన్న మాట నా చేత పలికించి దిద్దారు. పాతపట్నం వారి సలహా అలా పనిచేసింది.

మాత్రల దగ్గరికి తరవాత వచ్చాం. పెద్దాయన బీపీ మాత్ర, సుగర్ మాత్ర ఒకే డబ్బాలో వేసుకుని రంగుని బట్టి మింగుతున్నారు. ఫార్మసీ వాళ్ళు కంపెనీ మార్చి రంగు మారిస్తే ఏమవుతుందో తలుచుకుంటే భయం వేసింది. మా అమ్మాయి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించి ఫార్మసీతో మాట్లాడించింది. ఇప్పుడు ఆయన సీసా మీద "మార్నింగ్", "నైట్" అన్న రెండు మాటల్నీ ఆకారం చూసి గుర్తుపడుతున్నారు. మొదటి అక్షరం ఎమ్ కొండలా ఉందని ఆయనే గుర్తు పెట్టుకున్నారు.

వంశధార బాబు చెప్పిన ఇంటర్‌ప్రెటర్ వాక్యం అందరికీ వచ్చేసింది. పోయినవారం ఆ ఆవకూర ఆవిడ క్లినిక్కి మనవడు లేకుండా వెళ్ళి, కౌంటర్ దగ్గర ఆ వాక్యం అనిందట. ఫోన్‌లో నేపాలీ మనిషిని కలిపారు. తన నడుము నొప్పి గురించి తన భాషలో అరగంట మాట్లాడి వచ్చింది. క్లాసులో ఆ సంగతి చెబుతూ "డాక్టర్ లిజన్" అంది. నేను "యెస్, ద డాక్టర్ లిజన్డ్" అని తిరిగి అన్నాను. ఆ "ద" ఆవిడకి వినబడిందో లేదో నాకు పట్టింపు లేదు.

ఒక ఇబ్బంది. పెద్దాయన సగం క్లాసులకి రావడం లేదు. అడగాలా, ఊరుకోవాలా?

వంశధార – నరసన్నపేట, ప్రస్తుతం పిట్స్‌బర్గ్

అందరూ ఆడవాళ్ళున్న చోట కూర్చోవడానికి మొహమాటం కావచ్చు టీచర్ గారూ. వాళ్ళలో పెద్దవాళ్ళకి ఆ పట్టింపులున్నాయి. ఆయనకి విడిగా అరగంట ఫోన్‌లో చెప్పే మగ వలంటీరు కావాలంటే నేను చేస్తాను. మాది ఒకే టైమ్ జోను, శనివారం పొద్దున్న ఖాళీ. మీ అమ్మాయి ద్వారా ఆయన్నే అడిగించండి, ఇష్టమైతేనే.

ఇంకోటి, నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మీరు ఏడున్నరకే మొదలుపెడితే వాళ్ళకి తొమ్మిదే అవుతుంది, మనవల్ని బడి బస్సు ఎక్కించి వచ్చే వేళ.

నాగావళి టీచర్ – శ్రీకాకుళం

అడిగించాను బాబూ. ఆయన ఒప్పుకున్నారు, శనివారం పది గంటలకి ఫోన్ చెయ్యమన్నారు. వివరాలు మా అమ్మాయి నీకు విడిగా పంపుతుంది. నవంబరు నుంచి నా క్లాసు ఎనిమిదిన్నరకి మార్చేస్తాను. రాజాం అమ్మాయీ, ఆ నెలలో నేను రెండు వారాలు కాశీ వెళ్తున్నాను. నీ పరీక్షలు లేకపోతే ఈ లోపు నాతో పాటు క్లాసులో కూర్చుని వాళ్ళకి అలవాటవు. మా అమ్మాయి వాళ్ళ బృందం తనిఖీ ఫారం పంపుతుంది, ముందు అది నింపాలి.

రాజాం అమ్మాయి – రాజాం

పరీక్షలు డిసెంబరులో టీచర్ గారూ, వస్తాను. ఫారం పంపించండి. మా ఇంట్లో కరివేపాకు, చిక్కుడు పాదు ఉన్నాయి, మొదటి రోజు అవి చూపించనా?